ఇంకొకరి బోర్డు కింద

నాన్న చేతిలో కత్తి ఆగింది. బూటు నిలువునా రెండు ముక్కలై పనిబల్ల మీద తెరుచుకుంది.

కుడికాలి బూటు. లోపలి మెత్తటి తోలు మీద, చిటికెనవేలు ఆనే చోట, చొక్కా గుండీ అంత నల్లటి మరక.

"రక్తమేనా?" అన్నాడు బావ.



నిన్న సాయంత్రం పార్సిల్లో తిరిగొచ్చాయి ఆ బూట్లు. బడిలో వంట చేసే ఒకావిడవి. షుగరు వల్ల ఆవిడ పాదాలకు స్పర్శ పోయింది. బూటు నొక్కేస్తున్నా తెలియక, రోజుకు ఆరు గంటల చొప్పున నాలుగు రోజులు పొయ్యి దగ్గర నిలబడింది. అయిదో రోజు మేజోడు తడిగా కనిపిస్తే అప్పుడు చూసుకుంది. ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉంది. వేలు ఉంచాలో తీసెయ్యాలో సోమవారం చెబుతామన్నారట.

బూట్లతో పాటు ఆవిడ కొడుకు ఆస్పత్రి కాగితం నకలు ఒకటి పెట్టి పంపాడు. అక్క దాన్ని మూడోసారి చదివింది, ఈసారి పైకి.

"మెత్తని అడుగు వారు తయారుచేసిన బూట్ల వల్ల రోగికి పుండు పడింది. ఇకపై మా రోగులను వారి దగ్గరకు పంపాలా వద్దా అన్నది శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు నిర్ణయిస్తాం."

కాగితం దించి చెల్లెలి వైపు చూసింది.

"ఇవాళే శుక్రవారం. అది సరే. మెత్తని అడుగు మన కొట్టు పేరు కాదు కదే."

కాదు. మెత్తని అడుగు పొడుగాయన కొట్టు. పదకొండేళ్లు ఇదే బల్ల దగ్గర నాన్న పక్కన కూర్చుని పని నేర్చుకున్న మనిషి. ఆరేళ్ల కిందట విడిపోయి, నాలుగు వీధుల అవతల సొంత కొట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఆయన ఊసెత్తితే నాన్న లేచి బయటికి వెళ్లిపోతాడు.

ఇవాళ వెళ్లలేదు.

"బూట్లు మాత్రం మనవి," అంది అక్క. "కోసింది నేను, కుట్టింది నాన్న. ఆయన పేరు వీటికి ఎలా అంటుకుంది?"

చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రాత్రంతా ఈ ప్రశ్నకు జవాబు తయారు చేసుకుంది. ఇప్పుడు ఒక్క మాటా గుర్తు రాలేదు.

"నేనే," అంది. "మూడు నెలల కిందట ఒక వెబ్‌సైట్ పేరు కొన్నాను. మెత్తని అడుగు అనే. ఆయనది చివర డాట్ కామ్ లాంటి ఒక తోకతో ఉంది. మిగతా తోకలు ఎవరూ తీసుకోలేదు, ఖాళీగా ఉన్నాయి. ఒకటి నేను తీసుకున్నాను."

"ఆయన పేరు టైపు చేసినవాళ్లు మన దగ్గరికి రావడానికా?"

"అందరూ కాదు. తోక సరిగ్గా గుర్తులేని వాళ్లు."

"ఆ పేజీలో మన కొట్టు పేరుందా?"

చెల్లెలు గోడ మీది సున్నం గోటితో గీకింది.

"ఉందా అంటున్నాను."

"ఫోను నంబరు ఉంది. వీధి చిరునామా ఉంది."

"పేరు?"

"లేదు."

అక్క నవ్వింది. ఆ నవ్వు కంటే ఒక చెంపదెబ్బ నయమనిపించింది చెల్లెలికి.

"పోస్టులో పంపేవాటికి మన పేరున్న అట్టపెట్టెలు వద్దు, ఖాకీ పెట్టెలు చాలు, చవక అంటే నిజమే అనుకున్నాను. ఎంత తెలివే నీది."

"ఇంక చాల్లే," అన్నాడు బావ. "పిల్లని నిలబెట్టి కడిగేస్తే వేలు తిరిగొస్తుందా? అసలు అది నేరమేం కాదు. ఖాళీగా ఉన్న పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. నేను కనుక్కున్నాను."

అన్నాక తెలిసింది, ఏమన్నాడో.

అక్క నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. "ఎప్పుడు కనుక్కున్నారు?"

"మొన్నామధ్య."

"మొన్నామధ్య అంటే?"

"మూడు నెలలు."

"బావుంది. మరదలూ బావా కలిసి సలహా సంఘం పెట్టుకున్నారు. కోసేదాన్ని కోస్తూ ఉండమన్నారు."

"నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు."

"ఒప్పుకోనని తెలిసిందంటే అది ఎలాంటి పనో కూడా తెలిసినట్టేగా."

బావ తల గోక్కున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. పనిలేని కొట్టులో కూర్చుని రోజుకు పదిసార్లు గుమ్మం వైపు చూసే మామగారిని చూడలేక ఒప్పుకున్నాడు. ఆ మాట పైకి అనలేకపోయాడు, మామగారు అక్కడే ఉన్నాడు కనుక.

చెల్లెలు అనేసింది.

"ఆయన సైట్లో ఉన్న, బూటు బిగించి కుట్టే చెక్కపాదాల ఫొటోలు ఎవరివి? నాన్న చెక్కినవి. ఆయన వీడియోలో చెప్పే మాటలు ఎవరివి? నాన్నవి. మొత్తం పని ఇక్కడ నేర్చుకుని పట్టుకుపోతే అది తెలివి, నేను చివర తోక పట్టుకుంటే దొంగతనమా?"

"పని నేర్పింది నేను," అన్నాడు నాన్న.

పొద్దుటి నుంచి అదే ఆయన మొదటి మాట.

"నేర్పినది వాడిదే. దాని గురించి తర్వాత మాట్లాడదాం. ఆవిడ పాదం గీత తీసుకురా."

పాదాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసిన గీత. ప్రతి బూటుకూ అదే మొదలు. అక్క సొరుగులోంచి తెచ్చి బల్ల మీద పరిచింది. నాన్న కోసిన బూటు అడుగును దాని మీద పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"గీత మీదే కోశాను నాన్నా."

"నీ కోతలో తప్పు లేదు." ఆయన వేలు గీత లోపలి వంపు మీద ఆగింది. "ఇక్కడ చూడు, ఎంత లోతుగా ఉందో. వేళ్లన్నీ దగ్గరకొచ్చి ఉన్నాయి. ఇది బరువు మొయ్యని పాదం. ఆవిడ కూర్చుని గీయించుకుంది."

అక్క కాగితం మీదికి వంగింది. ఆమె ముఖంలో రంగు మారడం చెల్లెలు చూసింది.

ఈ కొట్టులో ముప్పయ్యేళ్లుగా ఒకటే పద్ధతి. మనిషి నిలబడాలి, ఇంకొకరు గీయాలి. ఒళ్లు బరువుకు పాదం పరుచుకుంటుంది. ఆ గీత మీద కోస్తే చాలు. పొడుగాయన పద్ధతి మార్చుకున్నాడు. స్పర్శ లేనివాళ్లు నిలబడి కదలకుండా ఉండలేరని, కూర్చోబెట్టి గీయమని తన వీడియోలో చెబుతాడు. పరుచుకునే అరవేలు వెడల్పు తర్వాత తనే కలుపుకుంటాడు. రెండు పద్ధతులూ మంచివే, ఎవరి గీత వాళ్ల దగ్గరికి వెళ్లినంతకాలం.

"ఆయన వీడియో చూసి గీసి, మనకి పంపింది," అంది అక్క. "నేను నిలబడ్డ గీత అనుకున్నాను."

"నీకెలా తెలుస్తుంది?" అన్నాడు బావ. "ఆవిడ ఒక ముక్క రాసి ఉంటే..."

"రాసింది," అంది చెల్లెలు.

గదిలో ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"గీతతో పాటు ఉత్తరం ఉంది. 'అయ్యా, మీ వీడియో చూశాను' అని మొదలైంది. ఆ ఒక్క వాక్యం చదివాను. మనల్ని ఆయన అనుకుంటోందని అర్థమైంది. ఇంక చదవాలనిపించలేదు. చదివితే ఫోను చేసి చెప్పాల్సొస్తుందేమోనని. గీత ఒక్కటే అక్కకి ఇచ్చాను. నిన్న రాత్రి తీసి మొత్తం చదివాను. రెండో వాక్యంలోనే ఉంది. 'మీరు చెప్పినట్టే కూర్చుని గీశాం' అని."

 అక్క తిట్టినా బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుంది, కత్తెర చేతిలోకి తీసుకుంది, మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

బావ గొంతు తగ్గించాడు. "ఒక్కమాట. ఎవరూ నా మీద పడొద్దు. ఆస్పత్రికి తెలిసింది ఆయన పేరు. మనం వెళ్లి మావి అంటే ఈ కొట్టు మూతపడుతుంది. ఆయనకి నాలుగు చోట్ల నుంచి పని వస్తుంది, తట్టుకుంటాడు. ఆవిడ వైద్యానికి మనం వేరే దారిలో సాయం చేద్దాం. ఆ పేరు ఇవాళే తీసేద్దాం. నోరు మూసుకుని ఉంటే..."

"నోరు మూసుకుని ఉంటే వాడి కొట్టు మూతపడుతుంది," అన్నాడు నాన్న.

"మీరే కదా మామయ్యా ఆరేళ్లుగా వాడి పేరెత్తితే..."

"వాడంటే నాకు కోపం. ఇప్పుడూ ఉంది." నాన్న కోసిన బూటు ముక్కలు రెండూ దగ్గరకు చేర్చి పట్టుకున్నాడు, అతుకుతాయేమో చూస్తున్నట్టు. "ముప్పయ్యేళ్లు నా బోర్డు కింద పనిచేశాను. బాగా కుట్టినా నా పేరే, చెడగొట్టినా నా పేరే. మూడు నెలలుగా నాకు తెలియకుండా ఇంకొకరి బోర్డు కింద కూర్చోబెట్టారు నన్ను."

చెల్లెలు కళ్లు దించుకుంది.

"పని తగ్గిందని నీకు బాధ. నాకు తెలుసు చిన్నదానా. కానీ ఆవిడ మనల్ని వెతుక్కుంటూ రాలేదు."

అంతే. ఆయన లేచి పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్లి చెప్పమనలేదు, వద్దనీ అనలేదు.

చెల్లెలు చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు బావ.

"పొడుగాయన దగ్గరికి."

"నాలుగింటి దాకా ఆగవే, ఒకసారి ఆలోచించి..."

"వెళ్లనివ్వండి," అంది అక్క. తల మాత్రం ఎత్తలేదు.

*

పొడుగాయన కొట్టు వెలుతురుగా ఉంది. గోడ నిండా చెక్కపాదాలు, ఒక్కోదానికీ ఒక అంకె. ఆయన గుమ్మం ఎత్తు చాలని మనిషి కనుక వంగి లోపలికి నడవడం అలవాటై, కూర్చున్నా వంగే ఉంటాడు. పెళ్లికెళ్లేవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆస్పత్రికి బయలుదేరబోతున్నాడన్నమాట.

"రా చిన్నమ్మాయ్," అన్నాడు. ఆరేళ్ల తర్వాత చూస్తున్నా నిన్న చూసినట్టే. "పొద్దుటి నుంచి చూస్తున్నాను. మధ్యాహ్నం మూడు చేశావు."

"నేను వస్తానని తెలుసా అన్నయ్యా?"

"ఎవరో ఒకరు వస్తారనుకున్నాను. మీ బావ వస్తే బావుండేది, తిట్టడానికి వీలుగా ఉండేవాడు."

ఆమె కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. పేరు కొనడం, పేజీలో కొట్టు పేరు లేకపోవడం, ఖాకీ పెట్టెలు, ఉత్తరంలో చదవని రెండో వాక్యం. ఆయన మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు, ఎక్కాక దారం లాగేసి మళ్లీ మొదలుపెట్టాడు.

"మొన్న ఆస్పత్రి డాక్టరమ్మ బూటు ఫొటో పంపింది," అన్నాడు చివరికి. "చూడగానే తెలిసింది. మడమ దగ్గర జంటకుట్టు. ఆ కుట్టు వేసే చెయ్యి ఒక్కటే ఉంది. వెంటనే నెట్‌లో నా పేరు కొట్టి చూస్తే మీ నంబరు వచ్చింది."

"మరి మీవి కావని చెప్పలేదేం?"

"నావేనని చెప్పాను."

ఆమె సూది మీంచి చూపు ఆయన ముఖం వైపు తిప్పింది.

"మీ నాన్న మీద భక్తి అనుకునేవు. కొంచెం ఉంది, కాదనను. అసలు సంగతి వేరు. నావి కావంటే ఎవరివి అంటారు. నా పేరు కొడితే మీ కొట్టు వస్తోందని తెలుస్తుంది. ఆ తర్వాత ఏ డాక్టరైనా రోగికి నా పేరు రాసిస్తాడా? ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియని పేరు ఎవడికి కావాలి? ఒక జత పాడైందంటే తిడతారు, మూడు నెలలు దూరం పెడతారు, మళ్లీ వస్తారు. పేరు మీద అనుమానం వస్తే పోదు."

"నేను ఇవాళే ఆ పేరు మీకు రాసిచ్చేస్తాను."

"ఇవ్వు. దానికోసమే చూస్తున్నాను." సూది బల్లకు గుచ్చాడు. "సాయంత్రానికల్లా అది నా చేతికి రావాలి. నాలుగింటికి నేను వెళ్లి క్షమాపణ చెప్పుకుంటాను. నువ్వు ఇంటికెళ్లు. మీ నాన్న పరువు ఉంటుంది, నా పేరు ఉంటుంది. సంగతి ఇక్కడితో ఆగిపోతుంది."

ఇందాక బావ అన్నది కూడా ఇదే. ఇప్పుడు నష్టపోయినవాడే అంటున్నాడు. ఒప్పుకోవడం ఎంత తేలికో. చెల్లెలికి ఒక్క క్షణం ఒళ్లు తేలికైంది. ఆ తర్వాత వంటావిడ గుర్తొచ్చింది.

"ఆవిడకి నిజం ఎవరు చెబుతారు?"

"నిజం తెలిస్తే వేలు నిలుస్తుందా?"

ఆమె గుమ్మం వైపు కదల్లేదు.

"సరేలే, వెళ్లు," అంటూ ఆయన లేచాడు. సంచీలో కాగితాలు సర్దుకుంటూ, మాటవరసకు అడిగినట్టు అడిగాడు. "ఇంతకీ ఆ దారిన ఎన్ని గీతలు వచ్చాయి మీకు?"

"ఏమో."

"ఏమో ఏంటి?"

ఆమె ఫోను తీసింది. మూడు నెలలుగా వచ్చిన ప్రతి ఆర్డరు పక్కనా అది ఏ వెబ్‌సైట్ నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. రోజూ చూసే పట్టికే. ఆ పేరు మీద వచ్చినవి మాత్రమే చూపించమంది. వేలితో పైకి జరిపింది. మళ్లీ మొదటికి వచ్చి లెక్కపెట్టింది.

"తొమ్మిది."

సంచీ బల్ల మీద పడింది.

"అందరూ నా వీడియో చూసినవాళ్లేనా?"

"చూసే ఉంటారు. మీకోసం వచ్చినవాళ్లే కదా."

"ఎన్ని జతలు కోశారు?"

"మూడు ఇంకా కొయ్యలేదు. వంటావిడది తిరిగొచ్చింది."

"అంటే అయిదు జతలు కాళ్లకున్నాయి," అన్నాడు ఆయన. "అరవేలు ఇరుకు. స్పర్శ లేని కాళ్లకి."

ఇద్దరూ ఒకేసారి గోడ గడియారం వైపు చూశారు. మూడుంబావు.

"ఫోన్లు చేద్దాం," అన్నాడు. "నాలుగున్నరకి. ఆస్పత్రి పని కాగానే నేను వచ్చేస్తాను, ఇద్దరం కూర్చుని..."

"ఇప్పుడు చేస్తాను."

"చిన్నమ్మాయ్, విను. నువ్వు ఫోను చేస్తే ఎవరు మీరు అంటారు. ఏం చెబుతావు? అయిదుగురికి చెబితే అయిదుగురూ డాక్టరమ్మకే ఫోను చేస్తారు. నేను గదిలోకి వెళ్లేలోపు అందరికీ తెలిసిపోతుంది. గంట. ఒక్క గంట ఆగమంటున్నాను."

ఆమె జాబితాలో మొదటి పేరు మీద వేలు పెట్టింది. పెద్ద భవనం గేటు దగ్గర కాపలా ఉండే మనిషి. 'రోజంతా నిలబడే పని' అని ఆర్డరు కింద రాశాడు. బూట్లు అందింది వారం కిందట.

మూడోసారి మోగగానే ఫోను ఎత్తాడు. వెనక కార్ల హారన్లు.

"బూట్ల కొట్టు నుంచి మాట్లాడుతున్నానండీ. బూట్లు ఎలా ఉన్నాయి?"

"ఓ, మెత్తని అడుగేనా. నేనే చేద్దామనుకుంటున్నానమ్మా." గొంతు నిండా సంతోషం. "ఎంత బాగున్నాయో. పాతవి వదులై జారిపోయేవి, ఇవి పట్టినట్టున్నాయి. వారమైంది, ఎక్కడా నొప్పన్నమాటే లేదు. పొద్దుట వేసుకుంటే మళ్లీ రాత్రికే విప్పడం. రెండ్రోజుల నుంచి అదీ లేదు, డబుల్ డ్యూటీ."



"మీరు ఇప్పుడు కూర్చోగలరా? అక్కడ కుర్చీ ఏదైనా ఉందా?"

"ఉంది. ఎందుకమ్మా?"

"కూర్చుని కుడి బూటు విప్పండి. నెమ్మదిగా. నేను లైన్లోనే ఉంటాను."

కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరినో ఒక్క నిమిషం గేటు చూడమన్నాడు. బూటు తాడు లాగిన చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు హారన్లు తప్ప ఏమీ లేదు.

"బూటు వచ్చింది," అన్నాడు. గొంతు మారింది. "మేజోడు రావట్లేదమ్మా. అంటుకుపోయింది."

"లాగొద్దు. దాన్ని ముట్టుకోవద్దు."

"ఏమైంది నా కాలికి? వీడియోలో ఆయన చెప్పినట్టే కదా అన్నీ చేశాను. ఆయన్ని పిలు, ఆయనతో మాట్లాడతాను."

పొడుగాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. వద్దు, ఇప్పుడు వద్దు.

"ఆ బూట్లు ఆయన చెయ్యలేదండీ," అంది చెల్లెలు. "మేం చేశాం." తమ కొట్టు పేరు చెప్పింది. వీధి చెప్పింది. తన పేరు, నాన్న పేరు చెప్పింది. "మీరు ఆయన దగ్గరికి వెళ్లబోతే మధ్యలో మా దగ్గరికి వచ్చేలా చేశాను నేను. మీ కొలత ఆయనకు అర్థమయ్యేది. మాకు కాలేదు."



"నాకు అదంతా బుర్రకెక్కట్లేదమ్మా," అన్నాడు కాపలా మనిషి. "ఎవరైతేనేం, ముందు ఎవరో ఒకరు రండి. మేజోడు వైపు చూడాలంటే భయంగా ఉంది."

"వస్తున్నాను. పక్కవాళ్లతో చెప్పి మీరు ఆస్పత్రికి బయలుదేరండి, నేను అక్కడికే వస్తున్నాను."

"ఏ ఆస్పత్రికి?"

అయిదు జతలూ వెళ్లినవాళ్లకు పాదాలు చూపించుకునే చోటు ఒక్కటే. నాలుగింటికి పొడుగాయన వెళ్లాల్సిన ఆ ఆస్పత్రి పేరే ఆమె చెప్పింది.

ఫోను పెట్టేసి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూసింది. ఇంకా నలుగురికి ఫోను చెయ్యాలి. దారిలో చెయ్యొచ్చు, ఇంకొకరు బండి నడిపితే.

పొడుగాయన బండి తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. గడియారం వైపు చూస్తూ, అక్కడే నిలబడి ఉన్నాడు.